350 రూపాయల చాకు, మూడు కుట్లు

పోయిన పత్తి సీజన్‌లో జూలూరుపాడులో ఉన్న నాన్న కోసం ఆన్‌లైన్‌లో ఒక మడత చాకు ఆర్డర్ పెట్టా. ధర 350 రూపాయలు. నల్లటి పిడి, మంచి రేటింగ్, చూడ్డానికి సినిమా విలన్ చేతిలో ఉండే టైపు. వారం తిరక్కుండా చేలో డ్రిప్ పైపు కోస్తుంటే లాక్ జారి బ్లేడు మడుచుకుంది. నాన్న చూపుడువేలికి మూడు కుట్లు పడ్డాయి. ఆ కుట్లకీ, ఇంజెక్షన్‌కీ అయిన ఖర్చు చాకు ధరకు రెండింతలు.

"పోనీలేరా, పదునైతే బాగానే ఉంది" అన్నాడు నాన్న. నాకే సిగ్గేసింది. ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ దగ్గర్నుంచి అన్నీ పోల్చి చూసేవాణ్ని, చాకు దగ్గర ఫొటోకి పడిపోయా. రెండోసారి మాత్రం మూడు విషయాలు చూసుకున్నా.

స్టీల్‌కి పేరుందా?

'స్టెయిన్‌లెస్' అని మాత్రమే రాసి ఉంటే ఏమీ చెప్పనట్టే. చైనా స్టీళ్ల పేర్లలోనే చాలా సమాచారం ఉంటుంది. 8సీఆర్13ఎంఓవీ అంటే కార్బన్ సుమారు 0.8 శాతం, క్రోమియం 13 శాతం. 3సీఆర్13 అయితే కార్బన్ 0.3 శాతమే, పదును తొందరగా పోతుంది. డీ2లో కార్బన్ 1.5 శాతం దాకా ఉంటుంది. పదును చాలాకాలం నిలుస్తుంది కానీ సాన పట్టడం కష్టం, తడిలో వదిలేస్తే తుప్పు కూడా పడుతుంది.

లాక్ ఎలాంటిది?

స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ చిన్న చాకుల్లో చాలావాటికి లాకే ఉండదు, స్ప్రింగ్ బిగువు మీదే బ్లేడు నిలుస్తుంది. పండు కోయడానికి చాలు, చేను పనికి చాలదు. ఫ్రాన్స్‌లో 1890లో మొదలైన ఒపినెల్ చాకుకి 1955 నుంచి తిప్పితే బిగిసే రింగు ఉంది.

ఏ దేశం?

ఇక్కడే చాలామంది పొరబడతారు. అమెరికా కంపెనీ స్పైడర్కో చాకులు కొన్ని కొలరాడోలో, కొన్ని జపాన్‌లో, ఇంకొన్ని తైవాన్, చైనాల్లో తయారవుతాయి. బ్రాండ్ దేశం వేరు, తయారైన దేశం వేరు. చైనా అనగానే చెత్త అనుకోవడమూ తప్పే. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని మన రూల్సే చెప్తున్నాయి. అది కూడా రాయని అమ్మకందారుణ్ని నమ్మొద్దు.

మన నేల కూడా తక్కువది కాదు. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు.

పాత చాకుని ఊళ్లో కొలిమి దగ్గరికి తీసుకెళ్లా. లారీ కమాన్ పట్టీలతో కొడవళ్లు, కత్తులు చేసే బాబాయ్ దాన్ని తెరిచి అటూ ఇటూ ఊపాడు. బ్లేడు కదిలింది. "దేశం సంగతి తర్వాత బిడ్డా, ముందు ఈ మేకు చూడు. ఇది వదులైతే ఎంత మంచి ఇనుమైనా చేతికే వస్తది" అన్నాడు.

చివరికి రింగు లాక్ ఉన్న ఒపినెల్ 8వ నంబరు కొన్నా. పత్తి చేలో చెమట, తడి మామూలే కాబట్టి స్టెయిన్‌లెస్ రకం తీసుకున్నా. మొదటిదానికంటే ధర చాలా ఎక్కువే, కానీ మొద్దుబారితే ఊళ్లోనే సాన పట్టించుకోవచ్చు.

ఇప్పుడు నాన్న పైపు కోసే ముందు రింగు తిప్పి, ఒకసారి నొక్కి చూసుకుంటాడు. ధర మాత్రం అడిగాడు. సగమే చెప్పా.