మారుతి 800ని డొక్కు బండి అనకండి!

‘ఏంటండీ, ఇంకా ఆ డొక్కు మారుతిలోనే తిరుగుతున్నారా?’ మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వారానికోసారైనా నాకు తగిలే పలకరింపు ఇది. కారు ఆర్‌సీ గడువు దగ్గరపడింది. రెన్యువల్ చేయించాలా, తుక్కుకు ఇచ్చేయాలా అని ఇంట్లో ఓటింగ్ పెడితే నాకు పడింది ఒకటే ఓటు. అదీ నాదే! అందుకే ఆ బండి తరఫున నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, 12 అంగుళాల చక్రాలు. పవర్ 40 హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూ. వినడానికి నవ్వొస్తుంది కదూ? కానీ ఇంజిన్ బలం ఒక్కటే చూస్తే సరిపోదు. అది ఎంత బరువు లాగాలో కూడా చూడాలి. మారుతి బరువు దాదాపు 650 కిలోలు. అప్పట్లో దర్జాకు మారుపేరైన అంబాసిడర్ ఇంజిన్ 1.5 లీటర్లు, పవర్ 50 దాకా, బరువేమో 1,100 కిలోల పైమాటే. టన్నుకు లెక్క కట్టి చూడండి. అంబాసిడర్‌కు 45 హార్స్‌పవర్ వస్తే, మారుతికి 60 వస్తుంది. సిగ్నల్ పడగానే ఎవరు ముందుకు దూకుతారో వేరే చెప్పాలా? 2000 ప్రాంతంలో వచ్చిన ఐదు గేర్ల మోడల్‌కైతే సుమారు 45 హార్స్‌పవర్. అది ఇంకా హుషారు.

ఇక రేసింగ్ సంగతి. కోయంబత్తూరుకు చెందిన ఎస్.కరివర్ధన్ ఈ 800 ఇంజిన్‌తోనే ‘ఫార్ములా మారుతి’ అనే సింగిల్ సీటర్ రేసు కారు తయారుచేశారు. చవకైన ఇంజిన్, ఊరూరా దొరికే స్పేర్ పార్టులు. దాంతో కోట్లు లేని కుర్రాళ్లకూ ట్రాక్ అందుబాటులోకి వచ్చింది. అందరి కింద ఒకే ఇంజిన్ ఉంటే గెలుపు తేల్చేది డ్రైవర్ చెయ్యే. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ట్రాక్‌పై ఇలాంటి కారుతోనే రేసుల్లో తొలి అడుగు వేసిన ఒక కుర్రాడు 2005లో ఫార్ములా వన్‌లోకి వెళ్లిన మొదటి భారతీయుడయ్యాడు. పేరు నరైన్ కార్తికేయన్. ఇప్పుడు చెప్పండి, ఇది డొక్కు ఇంజినా?

అలాగని లోపాల్లేవని బుకాయించను. ఎయిర్‌బ్యాగుల్లేవు, ఏబీఎస్ లేదు. హైవే మీద పెద్ద లారీ పక్కనుంచి దూసుకెళితే బండి గాలికి ఊగుతుంది. తేలిక బరువే దాని బలం, అదే దాని బలహీనత. కాబట్టి దాని సత్తా చూపించాలని రోడ్డు మీద పందేలకు దిగొద్దు. రేసు ఉండాల్సింది ట్రాక్ మీదే.

చివరికి నా నిర్ణయం ఏంటంటారా? రెన్యువల్‌కే వెళుతున్నా. కాకపోతే ఇంట్లోవాళ్లకు ఒక మాటిచ్చాను. ఇకపై దాన్ని హైవే ఎక్కించను, ఊళ్లో పనులకే. సందు చివర ఒక్క తిప్పుడులో మలుపు తిరిగే బండి మా వీధిలో ఇంకొకటి లేదు మరి. మొన్న నన్ను ఎగతాళి చేసిన పక్కింటాయన తన పెద్ద కారును అదే సందులో ఇరికించుకుని, అటూ ఇటూ అయిదుసార్లు తిప్పారు. నేను మాత్రం ఏమీ అనలేదండీ. హారన్ కూడా కొట్టలేదు!