మెదడువాపు వ్యాధి

కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నచోట చర్మము ఎఱ్ఱబారి, వేడెక్కి, వాచి, సలుపుట అందరెరిగినదే. దీనిని శోథము అందురు. గాయమైన తావునకు రక్తము ఎక్కువగా చేరును. సన్నని రక్తనాళముల గోడలు సడలి వానినుండి ద్రవమును, తెల్లకణములును వెలుపలికి వచ్చి సూక్ష్మజీవులతో పోరాడును. కాలి విషయమున ఇది మేలే. చర్మము సాగును; కొన్నాళ్లకు వాపు తీయును.

ఈ వాపే మెదడులో వచ్చినచో సంగతి వేరు. పెద్దవారిలో సుమారు 1,400 గ్రాముల బరువుండు మెదడు, సాగుట యెరుగని యెముకల పెట్టెలో ఇమిడియున్నది. వాచుటకు అందు చోటు లేదు. లోపలి ఒత్తిడి పెరిగినకొలది మెదడునకు రక్తము అందుట తగ్గును; ఒత్తిడి మరీ హెచ్చినచో శ్వాసను నడపు అడుగుభాగము నలిగిపోవును. శరీరము తన రక్షణకై చేసిన పనియే ప్రాణము మీదికి తెచ్చును.

మెదడును, వెన్నుపామును కప్పియుండు పొరల శోథమునకు మెనింజైటిస్ అనియు, మెదడు శోథమునకే ఎన్‌సెఫలైటిస్ అనియు, వెన్నుపాము శోథమునకు మైలైటిస్ అనియు పేర్లు. బాక్టీరియా వలన వచ్చు మెనింజైటిస్ సకాలమున ఇచ్చిన ఆంటిబయాటిక్ మందులకు తరచుగా లొంగును. కొన్ని సందర్భములలో శరీర రక్షణ వ్యవస్థయే పొరబడి నాడీకణములపై తిరుగబడును. అయితే వరి పండించు దేశములకు ఎక్కువ సంబంధించినది జపనీస్ ఎన్‌సెఫలైటిస్.

పేరులో జపాను ఉన్నదని ఇది మనకు దూరమనుకొనరాదు. 1924 వేసవిలో జపానులో 6,000 మందికి పైగా దీని వాతబడిరి. వారిలో సగముకంటె ఎక్కువమంది మరణించిరి. 1935లో అచ్చటనే ఒక మృతుని మెదడునుండి వైరస్‌ను వేరుచేసిరి. భారతదేశమున ఈ రోగులను మొదట గుర్తించినది 1955లో, ఆంధ్ర సరిహద్దునకు చేరువనున్న వెల్లూరులో.

దీనిని మోయు దోమ క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్. పేరు నోరు తిరుగనిదైనను దోమ మాత్రము పల్లెలన్నిటికి పాతచుట్టమే. వరిమళ్లలో నిలిచిన నీట గ్రుడ్లు పెట్టును. ప్రొద్దుగ్రుంకిన తరువాత కుట్టును. పొలములో తిరుగు కొంగలు ఈ వైరస్‌కు సహజమైన ఉనికిపట్టు. కొంగ రక్తము త్రాగిన దోమ పందిని కుట్టినచో, పంది రక్తములో వైరస్ విపరీతముగా పెరుగును. ఆ పందిని కుట్టిన దోమలన్నియు వ్యాధిని మోయగలవు. ఈ దోమకు పశువుల రక్తము మిక్కిలి ప్రీతి. కాని ఆవులు, గేదెల రక్తములో వైరస్ అంతగా పెరుగదు. మనిషి రక్తములోను అంతే. కనుక రోగిని కుట్టిన దోమవలన వ్యాధి మరొకరికి సోకదు, రోగి చెంత కూర్చున్నవారికిని అంటదు. రోగిని వెలివేసినట్లు దూరముంచుట అజ్ఞానమే.

వైరస్ సోకిన వారిలో అత్యధికులకు ఏమియు తెలియదు. సుమారు 250 మందిలో ఒకనికి మాత్రమే అది మెదడును చేరును. దోమ కుట్టిన 4 నుండి 14 దినములలో తీవ్రజ్వరము, తలనొప్పి, వాంతులు, పిమ్మట ఫిట్సు, స్పృహ తప్పుట కనబడును. ఈ వైరస్ మెదడు లోతులలోని థలామస్‌ను, కదలికలను అదుపుచేయు కేంద్రములను ముఖ్యముగా దెబ్బతీయును. అందువలననే కొందరి ముఖము కవళికలు లేక బిగిసిపోవును, చేతులు వణకును. ఈ దశకు వచ్చినవారిలో 100కు 30 మంది వరకు మరణింతురు. బ్రతికినవారిలోను 100కు 20 నుండి 30 మందికి పక్షవాతమో, మాట పడిపోవుటయో, బుద్ధిమాంద్యమో మిగులును. ఈ రోగులలో పిల్లలే ఎక్కువ.

వైరస్‌ను చంపు మందు లేదు. ఫిట్సును ఆపుట, ఒత్తిడి తగ్గించుట, శ్వాస నిలుపుట మాత్రమే వైద్యుని చేతిలోనున్నవి. నివారణకు టీకా కలదు. 2005లో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతమున 1,000 మందికి పైగా మరణించిన పిదప, 2006లో భారత ప్రభుత్వము చైనాలో తయారైన టీకాను పిల్లలకు వేయించసాగెను. కర్ణాటకలోని కోలారులో 1981లో దొరికిన వైరస్ నుండి హైదరాబాదులో రూపొందిన టీకాకు 2013లో అనుమతి లభించెను.

అయినను టీకా ఒక్క వైరస్‌కే అడ్డు. 2003 జూన్, ఆగస్టు నెలల మధ్య అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఇట్టి లక్షణములతోనే జబ్బుపడిరి. 183 మంది మరణించిరి. పరీక్షలలో తేలినది చండీపుర వైరస్. 1965లో మహారాష్ట్రలోని చండీపుర గ్రామమున జ్వరపీడితుల రక్తములో మొదట కనబడినందున దానికా పేరు వచ్చినది. దీనిని వ్యాపింపజేయునది దోమ కాదు, మట్టిగోడల పగుళ్లలో దాగు ఇసుక ఈగ. లక్షణములు ఒక్కటే యైనను శత్రువు వేరు. అందుచేతనే వైద్యులు వెన్నునుండి ద్రవము తీసి పరీక్షించుటకు తొందరపడుదురు. చండీపుర సోకిన బిడ్డకు ఆ పరీక్ష ఫలితము వచ్చువరకు వ్యవధి ఉండుట అరుదు. పలువురు ఒకటి రెండు దినములలోనే కన్నుమూసిరి.