బొబ్బిలి కోట ప్రదర్శనశాల: వస్తువులు, సాక్ష్యాలు

బొబ్బిలి అనగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది 1757 జనవరి 24వ తేదీ. విజయనగరం నుండి రాయగడ వైపు పోయే రైలులో బొబ్బిలి జంక్షన్‌లో దిగి కోటకు వెళ్ళే సందర్శకుడు ఆ ఒక్క దినాన్ని మనస్సులో పెట్టుకొనే బయలుదేరుతాడు. బుర్రకథలో విన్నది, నాటకంలో చూసినది, 1964లో వచ్చిన సినిమాలో చూసినది అన్నీ అతని వెంట వస్తాయి. అందుచేత లోపలికి అడుగు పెట్టకముందే ఒక పొరపాటు జరిగిపోతుంది. ఇప్పుడు చూస్తున్న గోడల మధ్యనే ఆ యుద్ధం జరిగినదని అనుకొంటాడు.

అది నిజం కాదు. 1757 నాటి కోట కాలి నేలమట్టమైనది. దాని స్థలాన్ని 1891లో నిలిపిన స్మారక స్తంభం గుర్తుచేస్తున్నది. దర్బారు భవనమూ, రాజవంశం వారి ప్రదర్శనశాలా ఉన్న నేటి కోట యుద్ధం తరువాతి తరాలవారు కట్టుకొన్నది. స్తంభాన్ని ముందుగా చూసి తరువాత కోటకు వచ్చేవారికి ఈ తేడా తేలికగా బోధపడుతుంది. చాలామంది దీనికి తలక్రిందులుగా చేస్తారు. స్తంభం దాకా వెళ్ళకుండానే తిరుగు ప్రయాణం కట్టేవారూ లేకపోలేదు.

దర్బారు భవనమంటే విలాసానికి కట్టుకొన్న మేడ అని మాత్రమే అనుకోరాదు. జమీందారీ ఉన్నంత కాలం రైతుకు సర్కారు అంటే అదే. సిస్తు కట్టినా, మాఫీ కోరినా, తగాదా చెప్పుకొన్నా అక్కడికే రావాలి. ఆ పాలన నడిచిన మాటలను వరుసగా తలచుకొంటే చాలు: దర్బారు, కచేరీ, దివాను, ఖజానా, జమాబందీ, తహశీలు, దస్తావేజు, పేష్కష్. కరణం లెక్క వ్రాసిన సంవత్సరం పేరు ఫసలీ. ఈ మాటలలో చాలావరకు అరబ్బీ, ఫార్సీల నుండి గోల్కొండ పాలన ద్వారానూ మొగలు పాలన ద్వారానూ వచ్చి తెలుగు పల్లెల్లో స్థిరపడ్డాయి. ఆ ఫార్సీ మాటలతోనే వెలమ జమీందారు కచేరీ నడిచినది, బ్రాహ్మణ కరణం లెక్క వ్రాసినాడు, కాపు రైతు రసీదు పుచ్చుకొన్నాడు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేటుల రద్దు చట్టం చేయడంతో ఆ పాలన ముగిసినది. 1932 నుండి 1937 వరకు, మధ్యలో కొద్ది నెలలు మినహా, అదే మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉన్న జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారే.

ఇక లోపలి వస్తువులు. యుద్ధ కాలానివిగా చెప్పబడే ఆయుధాలు, రాజవంశీయుల చిత్తరువులు, దర్బారు వైభవాన్ని తెలిపే సామగ్రి సందర్శకులను ఆకర్షిస్తాయి. ఇందులో అందరూ ఎక్కువ సేపు నిలిచేది కత్తుల ముందు. ఒక కత్తి 1757 నాటిదని అన్నప్పుడు చూసేవాడు వెంటనే అవుననవలసిన పని లేదు, కాదనవలసిన పనీ లేదు. ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చినదని అడగాలి. కోట కాలిపోయినది. వంశంలో మిగిలినది ఒక బాలుడు. అతడు పెరిగి పెద్దవాడై చెరలోనూ పరాయి రాజ్యంలోనూ గడిపినాడు. ఆ కాలమంతా ఈ వస్తువు ఎవరి వద్ద ఉన్నది? ఈ ప్రశ్న వేయడం అగౌరవం కాదు. వస్తువును పట్టించుకొన్నవాడే ఈ ప్రశ్న వేస్తాడు.

హదీసు విద్యతో పరిచయం ఉన్న పాఠకులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఒక ఉల్లేఖనం వినగానే ఇది ఎవరు ఎవరి నుండి విన్నారు, వారిద్దరూ ఒకే కాలంలో ఉన్నారా, చెప్పినవాని జ్ఞాపకశక్తి ఎటువంటిది, అతనికి ఇందులో స్వప్రయోజనం ఉన్నదా అని హదీసువేత్తలు విచారించారు. ఆ ఉల్లేఖకుల వరుసకు సనద్ అని పేరు. జమీందారుకు ప్రభుత్వం ఇచ్చే అధికార పత్రాన్ని తెలుగువారు సన్నదు అన్నారు. అదీ ఇదీ ఒకే అరబ్బీ మాట. ఆనుకొని నిలబడడానికి ఆధారమైనదని దాని అర్థం. హదీసుకు సనద్ ఎట్లాగో జమీకి సన్నదు అట్లాగు. ప్రదర్శనశాలలోని వస్తువుకూ అటువంటిది ఒకటి కావాలి.

బొబ్బిలి చరిత్రలో అన్నిటికంటె ముందుగా పరీక్షించదగినది అద్దాల పెట్టెలో దొరకదు. అది ఊరి పేరే. వంశ చరిత్రా, గెజిటీరూ చెప్పేదాని ప్రకారం, వెంకటగిరి వంశానికి చెందిన పెద్దరాయుడు 1652లో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ వెంట ఈ ప్రాంతానికి వచ్చాడు. అతని కుమారుడు లింగప్ప శత్రువుల చేతికి చిక్కిన ఫౌజుదారు కుమారుని విడిపించినాడు. అందుకు ప్రతిఫలంగా పన్నెండు గ్రామాలూ, రంగారావు అనే బిరుదూ లభించాయి. తమకు ఆశ్రయమిచ్చిన ఖాను పేరులో షేర్ ఉన్నది. ఫార్సీలో సింహమని అర్థమైనా, మన దేశంలో పులికి కూడా ఆ మాటే వాడుక. తెలుగులో పెద్ద పులి అంటే పెబ్బులి. పెబ్బులి పేర వెలసిన ఊరు బొబ్బిలి అయినదని చెబుతారు. విజయనగరం వంశ మూలపురుషుడు కూడా ఆ ఫౌజుదారు పరివారంలోనే వచ్చాడని అదే చరిత్ర చెబుతున్నది. నూరేండ్ల తరువాత ఒకరినొకరు నాశనం చేసుకొన్న రెండు వంశాలు మొదట ఒకే సేనలో నడిచాయన్నమాట.

ఈ కథనం విని ముస్లిం పాఠకుడు సంతోషించడం సహజమే. అయితే అదే షేర్ ముహమ్మద్ ఖాన్ గురించి శ్రీకాకుళంలో వేరే మాట కూడా ఉన్నది. అక్కడి జామియా మసీదును ఆయన 1641లో, గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారుగా కట్టించాడు. ఆలయాలను పడగొట్టాడన్న నింద కూడా ఆయనపై ఉన్నది. బొబ్బిలిలో ఆశ్రయదాత, శ్రీకాకుళంలో విధ్వంసకుడు! ఇందులో నచ్చినదాన్ని చరిత్ర అనీ, నచ్చనిదాన్ని పుక్కిటి పురాణమనీ అనడం తగదు. పన్నెండు గ్రామాల కథకు ఎంత ఆధారం అడుగుతామో, ఆలయాల నిందకూ అంతే అడగాలి. ఆ నిందకు అడిగినంత ఆధారం గ్రామాల కథకూ అడగాలి.

యుద్ధం సంగతికి వస్తే, తరచుగా చెప్పబడే ఇంగ్లీషు వృత్తాంతం రాబర్ట్ ఓర్మ్ వ్రాసినది. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేన ఖర్చుల క్రింద బుస్సీకి అప్పగించడంతో కథ మొదలవుతుంది. బుస్సీ పన్నులు రాబట్టుకోవడానికి ఈ ప్రాంతానికి వచ్చాడు. విజయనగరం ప్రభువు విజయరామరాజు ఆయన పక్షం చేరాడు. ఇరుగుపొరుగు జమీల మధ్య నీటి తగాదా కూడా వైరానికి ఒక కారణమని ఓర్మ్ చెబుతాడు. బొబ్బిలి ప్రభువు రంగారావు తన కోటను విడిచి వేరొక చోటికి పొమ్మంటే ఒప్పుకోలేదు. తెల్లవారగానే ఫిరంగులు మ్రోగాయి. ఇక నిలువలేమని తెలిసినప్పుడు కోటలోని స్త్రీలనూ పిల్లలనూ స్వజనమే చంపి, పురుషులు పోరాడి మరణించారు. ఒక వృద్ధుడు మాత్రం రంగారావు కుమారుని చేయి పట్టుకొని నడిపించుకొంటూ వచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. తండ్రి ఆజ్ఞకు విరుద్ధంగా తాను ఆ బాలుని కాపాడినట్లు చెప్పుకొన్నాడు. విజయరామరాజును డేరాలో చొరబడి చంపినవారు ఓర్మ్ కథనంలో పేరులేని సైనికులు. తెలుగు కథలో అతడు తాండ్ర పాపారాయుడు.

ఓర్మ్ అప్పుడు మద్రాసులో కంపెనీ కౌన్సిలు సభ్యుడు. బొబ్బిలిలో లేడు. అతని గ్రంథంలో ఈ భాగం అచ్చయినది 1778లో. పైగా ఫ్రెంచివారు అతని పక్షానికి శత్రువులు. వంశంవారి పక్షాన 1907లో చరిత్ర అచ్చు వేసినది స్వయంగా బొబ్బిలి మహారాజా వేంకట శ్వేతాచలపతి రంగారావుగారు. జానపద కథ చెప్పినవారు ఓడినవారి దుఃఖాన్ని మోసినవారు. వీరిలో ఎవరూ అబద్ధీకులని అననక్కరలేదు. ఎవరు ఎక్కడ నిలబడి చూశారో గుర్తుంచుకొంటే చాలు.

ఇప్పుడు హైదర్ జంగ్. కథలోనూ, నాటకంలోనూ, సినిమాలోనూ విజయనగరం వారి లంచం తిని బుస్సీ మనస్సు విరిచిన దుష్టుడు ఇతడే. తెరపై అతడు కనిపించగానే ప్రేక్షకులలోని ముస్లిములు కొంచెం ముడుచుకొని కూర్చోవడం వింత కాదు. అతని అసలు పేరు అబ్దుర్ రహ్మాన్. బుస్సీకి దుబాసీగా చేరి దివాను స్థాయికి ఎదిగి, హైదరాబాదు రాజకీయాలను శాసించినవాడు. బొబ్బిలి యుద్ధం జరిగి ఏడాదిన్నర కాకముందే, 1758 మే నెలలో, ఔరంగాబాదులో నిజాం అలీ ఖాన్ అతనిని చంపించాడు. ఆ అల్లరిలోనే, అతని బందీగా ఉన్న షాహ్ నవాజ్ ఖాన్ కూడా హతుడైనాడు. మొగలు ప్రముఖుల జీవితాలను ఫార్సీలో కూర్చిన 'మఆసిరుల్ ఉమరా' కర్త ఈయనే. చెల్లాచెదరైన ఆ వ్రాతప్రతిని వెదకి కూర్చి, కర్త జీవితాన్ని దానికి ముందు చేర్చినవాడు ఆయన మిత్రుడు గులాం అలీ ఆజాద్ బిల్‌గ్రామీ.

అనగా హైదర్ జంగ్ కథ మన వరకు వచ్చిన దారులు ఇవి: ఓడిన బొబ్బిలి పక్షం, ఫ్రెంచివారికి శత్రువైన ఇంగ్లీషు పక్షం, అతని చెరలో ఉండి చనిపోయినవాని మిత్రులు. ముగ్గురూ అతనికి వ్యతిరేకులే. అతని పక్షాన మాట్లాడే గొంతు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. సమకాలికులు, ప్రత్యర్థులు ఒకరిపై ఒకరు చేసిన నిందను వేరే రుజువు లేనిదే స్వీకరించరాదని ఉల్లేఖకులను పరీక్షించిన పండితులు నియమం పెట్టుకొన్నారు. ఆ నియమాన్ని ఇక్కడికి తెస్తే హైదర్ జంగ్ నిర్దోషి అయిపోడు. అతని అధికార దాహాన్ని అతని జీవితమే చూపుతున్నది. కాని లంచం కథకు నిలబడే సాక్షి ఎవరన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. అతడు ముస్లిం కనుక వెనుకవేసుకు రావడమూ, ముస్లిం కనుక సిగ్గుపడి ప్రక్కకు తప్పుకోవడమూ రెండూ ఒకే పొరపాటు. ఆ దినాన విజయనగరం సేనలో ఉన్నవారూ తెలుగువారే, కోటలో మరణించినవారూ తెలుగువారే.

కాపాడబడిన బాలుడు చిన రంగారావు. పెరిగిన తరువాత విజయనగరం వారి చెరలో పడ్డాడు. తప్పించుకొని ఎక్కడికి పోయినాడు? నిజాం రాజ్యానికి! తన తండ్రి కోటను కూల్చిన ఫ్రెంచి సేనను పోషించిన రాజ్యానికే తలదాచుకోవడానికి వెళ్ళాడు. సినిమాలు ఈ భాగాన్ని చూపలేదు, చూపితే కథ చెడిపోతుంది కాబోలు. 1794లో పద్మనాభ యుద్ధంలో విజయనగరం పడిపోయిన తరువాత కంపెనీ అతనికి జమీ తిరిగి ఇచ్చినది. 1801లో అతని కుమారునితో సాలుకు 90,000 రూపాయల పేష్కష్‌పై శాశ్వత పరిష్కారం చేసుకొని సన్నదు ఇచ్చినది.

దర్బారు భవనంలో కత్తుల ముందు నిలిచే సందర్శకుడు ఆ తరువాత కాగితాల కోసం కూడా అడగడం మంచిది. కత్తి ఎవరిదో తేల్చడం కష్టం. సన్నదు మీద తేదీ ఉంటుంది, ముద్ర ఉంటుంది, ఇచ్చినవారి పేరు ఉంటుంది. బొబ్బిలి చూసినవారు వీలైతే శ్రీకాకుళం వరకు కూడా పోయి, నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఊరిలో 1641 నాటి మసీదును చూసి రావచ్చు. బొబ్బిలికి పేరిచ్చినవాడని చెప్పబడే వ్యక్తి కట్టించిన కట్టడం అక్కడ ఉన్నది.