ముప్పావలా వడ్డీ అప్పు ముందే తీర్చితే లాభమెంత?
నెల్లూరు తీరంలో ఇంటి తనఖా విడుదల లెక్కలు

నెల్లూరు: కోస్తా మండలాలలో వ్యాపారస్తుని పెట్టుబడికి ఆధారం చాలావరకు అతని ఇల్లే. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాలలో ధాన్యం కొనేవారైనా, రొయ్యల మేత అరువిచ్చే డీలరైనా, ఇసకపల్లి, తుమ్మలపెంట ఉప్పు కొటారులపై పెట్టుబడి పెట్టేవారైనా, బ్యాంకుకు వెళ్ళినప్పుడు మొదట బయటికి తీసేది ఇంటి దస్తావేజులు. సరకు అమ్ముడైనా కాకపోయినా తనఖా మీద వడ్డీ ఆగదు. అందుచేత యీ అప్పును గడువుకు ముందే తీర్చడం లాభమా, ఆ సొమ్మును సరకులో తిప్పుకోవడం లాభమా అనే ప్రశ్న ప్రతి సీజను చివరా ఎదురవుతూనే వుంటుంది.

మన లెక్కలో వడ్డీ

బ్యాంకు ఏడాదికి 9 శాతం అంటే బజారు లెక్కలో నెలకు నూటికి ముప్పావలా. వినడానికి యిది స్వల్పమే. పది లక్షల రూపాయలు 20 సంవత్సరాల గడువుపై 9 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. నెల వాయిదా సుమారు 8,997 రూపాయలు. మొదటి నెల వాయిదాలో 7,500 రూపాయలు వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 1,497 రూపాయలు మాత్రమే. 240 వాయిదాలు పూర్తయ్యేసరికి చెల్లించే మొత్తం 21 లక్షల 59 వేల పైచిలుకు. అంటే వడ్డీ అసలును మించి 11 లక్షల 59 వేలు దాటుతున్నది.

యిప్పుడు అదే వ్యక్తి ప్రతి నెలా 1,000 రూపాయలు అదనంగా అసలుకు జమ కట్టిస్తే అప్పు 186 నెలలకే తీరిపోతుంది. నాలుగున్నర సంవత్సరాలు ముందుగా దస్తావేజులు చేతికి వస్తాయి. వడ్డీలో మిగులు సుమారు 3 లక్షల రూపాయలు. నెలకు వెయ్యి అంటే రోజుకు 33 రూపాయలు. గోతాల లెక్క సరిగా చూసుకోవడం, దింపుడులో ఆలస్యం లేకుండా లారీని పంపివేయడం, దుకాణంలో పగటి దీపాలు ఆర్పడం, యింట్లో అనవసరపు ఖర్చు ఒకటి మానుకోవడం వంటి వాటితో యీ మొత్తం కూడవచ్చు.

రూపాయి పొదుపు పాఠం

చిల్లర పొదుపుకు యీ జిల్లాలో పెద్ద చరిత్రే వున్నది. 1992లో దూబగుంట మహిళలు, వారిలో రోశమ్మ, ప్రారంభించిన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించినది. 1993 అక్టోబరు 1 లగాయతు రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చినది. సారాకు పోయే డబ్బు యింట్లో మిగలడంతో ‘పొదుపు లక్ష్మి’ పేర మహిళలు రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. తర్వాత బ్యాంకు రుణాలు పొందిన స్వయం సహాయక సంఘాలకు యీ రూపాయే పునాది అయినది. 2004లో వచ్చిన పావలా వడ్డీ పథకం, అంటే ఏడాదికి 3 శాతం, అటువంటి సంఘాల కోసం ఏర్పడినదే.

రోజు కూలీతో బ్రతికే కుటుంబాలు రూపాయితో చేయగలిగిన పనిని లక్షల్లో తిప్పే కొట్లవారు 33 రూపాయలతో చేయలేకపోవడానికి కారణం లేదు. తేడా అంతా క్రమం తప్పకపోవడంలోనే వున్నది.

ఎప్పుడు కట్టాలి?

కోస్తాలో రాబడి నెల జీతం వంటిది కాదు. వరి కోతల తర్వాత ధాన్యం డబ్బు, ఆపైన ఎడగారు పంట, ఎండల కాలంలో ఉప్పు, మూడు నాలుగు నెలలకు ఒకసారి రొయ్యల పట్టుబడి. డబ్బు వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. కనుక నెలసరి అదనపు జమతోపాటు సీజను చివర ఒక మొత్తం కట్టే పద్ధతి వీరికి అనుకూలం.

యిక్కడ తొందర కలిసివస్తుంది. పై అప్పులోనే మొదటి సంవత్సరం చివర 50,000 రూపాయలు అదనంగా కట్టి వాయిదాను మార్చకుండా వుంచితే దాదాపు 27 వాయిదాలు తగ్గుతాయి. వాటి విలువ సుమారు రెండు లక్షల 48 వేల రూపాయలు. అదే 50,000 రూపాయలు పదిహేనవ సంవత్సరం చివర కడితే తగ్గేవి ఎనిమిది వాయిదాలు మాత్రమే. అదనపు జమ కట్టేటప్పుడు ‘వాయిదా తగ్గించవద్దు, గడువు తగ్గించండి’ అని వ్రాతపూర్వకంగా యివ్వడం మంచిది.

వడ్డీ రేటు తగ్గినప్పుడూ యిదే సూత్రం. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2022 మే లగాయతు 2023 ఫిబ్రవరి వరకు 4 నుండి 6.50 శాతానికి పెరిగినది. వాయిదా మారకపోయినా చాలామంది గడువు తెలియకుండానే సాగిపోయినది. అందువల్లనే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, రేటు మారినప్పుడు వాయిదా పెంచాలో గడువు పెంచాలో ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు యివ్వవలెనని ఆదేశించినది. 2025 ఫిబ్రవరిలో మొదలైన తగ్గింపుతో రెపో జూన్ నాటికి 5.50 శాతానికి దిగినది. అటువంటి సమయంలో పాత వాయిదానే కొనసాగిస్తే తగ్గిన వడ్డీ అంతా అసలులోకి చేరుతుంది.

చేతిలో ఏమీ మిగల్చకుండా కట్టరాదు

అయితే సీజను డబ్బంతా తనఖాకు పోసివేయడం మరొక తప్పు. మూడు లక్షలు ముందుగా కడితే మొదటి ఏడాది మిగిలే వడ్డీ సుమారు 27,000 రూపాయలు. తీరా సరకు కొనవలసిన వేళ చేతిలో పైకం లేక అదే మూడు లక్షలు బజారులో రెండు రూపాయల వడ్డీకి తెస్తే అయిదు నెలలకే 30,000 రూపాయలు కట్టవలసి వస్తుంది. ముప్పావలా అప్పు తీర్చి రెండు రూపాయల అప్పు నెత్తిన పెట్టుకోవడం వ్యాపారం కాదు.

యీ తీరానికి ఆపదలు కొత్త కాదు. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపంలో, 1989 నవంబరులో కావలి సమీపంలో పెనుతుఫానులు తీరం దాటాయి. 2015 నవంబరు వరదలను జిల్లా యింకా మరువలేదు. రొయ్యల వ్యాపారానికి తెల్లమచ్చ వ్యాధి, 1996 డిసెంబరులో తీర ప్రాంత చెరువులపై సుప్రీంకోర్టు యిచ్చిన తీర్పు వరుస దెబ్బలు. 2025 ఆగస్టు 27 లగాయతు అమెరికా భారత సరకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఎగుమతి గిరాకీపై ఆధారపడ్డ చెరువులవారికి మళ్ళీ గుబులు పుట్టినది. కనుక ఆరు నెలల వాయిదాలకు, ఒక సీజను కొనుగోళ్ళ మార్జినుకు సరిపడే పైకం విడిగా వుంచిన తర్వాతే అదనపు జమ గురించి ఆలోచించవలెను.

పొదుపు పత్రాలా, తనఖాయా?

విడిగా వుంచే ఆ నిధికి పోస్టాఫీసు, బ్యాంకు డిపాజిట్లు తగినవి. 2023 అక్టోబరులో పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌పై వడ్డీ 6.7 శాతంగా నిర్ణయించబడినది. 9 శాతం అప్పు వుంచుకుని 6.7 శాతానికి దాచితే నూటికి ఏడాదికి రెండు రూపాయల ముప్పై పైసలు నష్టం. పైగా డిపాజిట్ వడ్డీ పన్ను లెక్కలోకి వస్తుంది. అందువలన అవసర నిధికి మించిన సొమ్ముకు తనఖాయే మంచి పెట్టుబడి. సరకుపై లాభం రావచ్చు, రాకపోవచ్చు; తీర్చిన అసలుపై వడ్డీ మిగులు ఖాయం.

చీటీలు వేసేవారు కూడా యీ లెక్క చూడాలి. 2019 సవరణతో ఫోర్‌మన్ కమిషను పరిమితి 5 నుండి 7 శాతానికి పెరిగినది. తొందరపడి పెద్ద తోపుడుకు పాడి, ఆ డబ్బుతో ముప్పావలా అప్పు తీర్చితే మిగిలేది ఏమీ వుండకపోవచ్చు. చివరి నెలల వరకు ఆగగలిగితేనే చీటీ పొదుపు అవుతుంది.

యింటి అప్పుపై వడ్డీకి ఆదాయపు పన్నులో రాయితీ వున్నదని అప్పు కొనసాగించేవారు కలరు. కొత్త పన్ను విధానంలో స్వంత నివాసపు యింటికి యీ రాయితీ లేదు. కనుక ఏ విధానంలో వున్నదీ ముందు ఆడిటరుతో తేల్చుకోవలెను.

కాగితాలు చేతికి వచ్చేదాకా

మారే వడ్డీ గృహ రుణాలను వ్యక్తులు ముందుగా తీర్చితే జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులను ఆదేశించినది. వ్యాపార రుణాల విషయంలో 2025 జూలైలో కొత్త ఆదేశాలు వచ్చాయి. వాటి ప్రకారం 2026 జనవరి 1 లగాయతు మంజూరయ్యే లేదా పునరుద్ధరించబడే మారే వడ్డీ రుణాలపై వాణిజ్య బ్యాంకులు వ్యక్తులకు, సూక్ష్మ, చిన్న సంస్థలకు ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయరాదు. గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకుల విషయంలో షరతులు వేరుగా వున్నందున, అప్పు పత్రంలోని నిబంధన చదివి గాని కట్టరాదు.

అప్పు తీరిన 30 రోజులలో అసలు దస్తావేజులు తిరిగి యివ్వవలెనని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించవలెనని మరొక ఆదేశం వ్యక్తిగత, గృహ రుణాలకు 2023 డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చినది. బాకీ లేదన్న పత్రంతో సరిపెట్టుకోకుండా, రిజిస్టరైన తనఖాకు విడుదల దస్తావేజు వ్రాయించుకుని, ఇ.సి. తీసి చూసుకోవలెను. ఆ కాగితంలో పాత తనఖా అలాగే నిలిచివుంటే రేపు మంచి బేరం వచ్చిన రోజున కొత్త పరపతి పుట్టదు.