పరీక్షలో లోపించిన ప్రక్కవాద్యము

విజయనగరమున సంగీత కళాశాల 1919లో వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట ఫిడేలు ఆచార్యులు. ఆ సంప్రదాయ మెరిగిన మన జిల్లాల వారికి ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. గాత్రకచేరీలో గాయకుడు ఫిడేలును, మృదంగమును తానే సమకూర్చుకొనడు. అది సభ నేర్పాటుచేసినవారి పని. ఫిడేలు రాక కచేరీ నిలిచినచో గాయకునికి పాట రాదనరాదు.

కంప్యూటరు ప్రోగ్రాములలోను ఇట్టి ఏర్పాటే కలదు. విద్యుత్తు బిల్లు లెక్కకట్టు భాగమొకటి యున్నదనుకొందము. దానికి మీటరు రీడింగులు తెచ్చి యిచ్చు మరియొక భాగము కావలెను. ఆ రెండవదానిని మొదటిది తాను సృష్టించుకొనక, వెలుపలినుండి అందుకొనును. దీనికి 'డిపెండెన్సీ ఇంజెక్షన్' అని పేరు. 2004లో మార్టిన్ ఫౌలర్ వ్రాసిన వ్యాసముతో ఈ పేరు వ్యాప్తికి వచ్చినది. ఇందువలన పరీక్షించునపుడు అసలు భాగమునకు బదులు నకిలీ నొకదానిని అందింపవచ్చును. పరీక్షకై అసలు సర్వరునే కదలించినచో ఇండ్లకు లేనిపోని బిల్లులు చేరు ప్రమాదము కలదు.

ఈ పరీక్షలను నడుపునదియు ఒక ప్రోగ్రామే. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగములకు వెళ్లిన యువతీయువకులు యాంగ్యులర్ అను సాధనముతో పనిచేయునపుడు, 'నో ప్రొవైడర్ ఫర్ హెచ్‌టీటీపీ క్లయింట్' అను ఎర్ర అక్షరములను చూచి కలవరపడుట కద్దు. అడిగినదానిని ఇచ్చువారు లేరని దాని భావము. బిల్లు లెక్క అప్పటికింకను మొదలే కాలేదు. కనుక లెక్కలో తప్పు వెదకి ప్రయోజనము లేదు.

ముందుగా ఆ సందేశములోని పేర్ల వరుసను చదువవలెను. మొదటి పేరు అడిగినదానిది; చివరి పేరు దొరకనిదానిది. అసలు ప్రోగ్రాములో అది నమోదై యుండవచ్చును. కాని పరీక్ష తనకొక చిన్న ప్రపంచమును కట్టుకొనును. అందులో మరల నమోదు చేయవలెను. 'ప్రొవైడ్ హెచ్‌టీటీపీ క్లయింట్' ముందు వ్రాసి, 'ప్రొవైడ్ హెచ్‌టీటీపీ క్లయింట్ టెస్టింగ్' తరువాత వ్రాయవలెను. వరుస తారుమారైనచో నకిలీ తెరమరుగై, అసలు సర్వరునకే కబురు పోవచ్చును. పరీక్షింపబడు భాగము పుట్టకముందే నకిలీని నిలుపవలెను. పుట్టిన తరువాత మార్చబోయిన సాధనము ఒప్పుకొనదు. రెండు భాగములు ఒకదానినొకటి కోరుకొని ముడిపడినచో, ఉభయులకు కావలసిన పనిని మూడవ భాగముగా విడదీయవలెను.

ఒక హెచ్చరిక. ఎర్ర అక్షరములు పోయిన చాలునని, దేనికైనను 'సరి' యనెడి డొల్ల నకిలీని నిలుపరాదు. రీడింగు అందనపుడు అసలు భాగము తప్పు తెలుపునట్లయిన, నకిలీయు అట్లే తెలుపవలెను. అది చేయనిచో పరీక్షలో నెగ్గిన లెక్క, ఇంటికి వచ్చిన బిల్లులో తప్పును. దాని భారము మీటరు గలిగిన గృహస్థునిపై పడును.