చెవికి తగిన తొడుగు

త్రిపురారం నుండి మిర్యాలగూడకు బస్సులో పోవు విద్యార్థి చెవిలో నేడు బఠాణీగింజంత ఇయర్‌ఫోను. దీనికి తాతవంటి హెడ్‌ఫోనులను 1910లో నథానియేల్ బాల్డ్విన్ తన వంటింటిలో తయారుచేయగా, అమెరికా నౌకాదళము కొన్నది. పాటలకు గాదు, నిస్తంత్రీ వార్తలకు!

కొనువారు రంగు చూతురు, ధర చూతురు. చూడవలసినది చివరనున్న రబ్బరు తొడుగు. అది వదులైనచో ఇంజను రొదను మించుటకు ధ్వని పెంచక తప్పదు. పెద్దలకు వారమునకు 80 డెసిబెల్స్ అయినచో 40 గంటలు క్షేమమనియు, 90 అయినచో 4 గంటలే యనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. లోచెవిలోని రోమకణములు నశించినచో మరల పుట్టవు.

తొడుగు సరిగా అమరినచో తక్కువ ధ్వనియే చాలును. పెండ్లిపందిరి మైకులో నూరుమార్లు విన్న పాటలోనే, చరణమునకు ముందు గాయకుడు ఊపిరి పీల్చుకొను సవ్వడి తొలిసారి చెవిని బడును.