ఘరేలూ నావెల్

ఘరేలూ నావెల్ అనగా ఉర్దూ సాహిత్యంలో కుటుంబ సంబంధాలను, పెళ్ళిళ్ళను, చెదిరిన కాపురాలు తిరిగి కుదుటపడటాన్ని ఇతివృత్తంగా గ్రహించిన నవల. ఉర్దూలో 'ఘర్' అనగా ఇల్లు. కాబట్టి తెలుగులో దీనిని కుటుంబ నవల అనవచ్చును. ఈ ప్రక్రియ ఉత్తర భారతదేశంలో పుట్టినప్పటికీ దీని తొలి చరిత్రతో హైదరాబాదుకు దగ్గరి సంబంధం ఉన్నది. ఉర్దూ మాట్లాడే కుటుంబాలు అధికంగా గల పాతబస్తీలో ఇటువంటి నవలలకు చాలాకాలం మంచి ఆదరణ లభించింది.

పండిత విమర్శకులు ఈ నవలలను కాలక్షేపపు రచనలుగా తీసివేయడం పరిపాటి. అయితే వీటిలో కష్టాలు తక్కువేమీ కాదు. అనుమానం, అప్పులు, సవతి, వైధవ్యం అన్నీ ఉంటాయి. పాఠకురాలికి ఊరట కలిగించేది ఆ కష్టాన్ని కథానాయిక తన తెలివితో, చాలావరకు ఇల్లు విడువకుండానే చక్కబెట్టుకొనే తీరు. గడప దాటడమే కష్టమైన రోజులలో, ఆ గడప లోపలనే జీవితాన్ని మళ్ళీ మొదలుపెట్టవచ్చునని చెప్పడం వీటి ఆకర్షణకు మూలం.

పుట్టుక

డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ప్రచురించిన "మిరాతుల్ ఉరూస్" (వధువు అద్దం) ఈ కోవలో మొదటిది. చాలామంది దీనినే ఉర్దూలో తొలి నవలగా కూడా పరిగణిస్తారు. తన కుమార్తెలు చదువుకొనేందుకు తగిన పుస్తకం లేదని ఆయన దీనిని వ్రాశాడు. తరువాత ప్రభుత్వం వేయి రూపాయల బహుమతి ఇవ్వడంతో ఇది ప్రసిద్ధి పొందింది.

కథ అక్బరీ, అస్గరీ అనే అక్కాచెల్లెళ్ళది. ఇద్దరూ ఒకే ఇంటి అన్నదమ్ములకు భార్యలు. గారాబంగా పెరిగిన అక్బరీ వేరు కాపురం పట్టుబట్టి పెట్టించుకొని, మాయమాటలు చెప్పిన ఒక ముసలిదాని చేతిలో నగలు పోగొట్టుకుంటుంది. అస్గరీ అడుగుపెట్టేనాటికి అత్తవారి ఇల్లు అప్పులలో మునిగి ఉంటుంది. అందుకు కారణం మామా అజ్మత్ అనే పాత పనిమనిషి. అంగళ్ళలో ఆమె పెట్టిన అప్పుల చిట్టాలన్నీ బయటికి తీయించి, దూరాన ఉద్యోగంలో ఉన్న మామగారి ఎదుట కోడలు లెక్క తేల్పించిన ఘట్టం నవలకంతటికీ రసవత్తరమైనది. కొట్లాట లేదు, కన్నీరు లేదు, అంతా పద్దుల పుస్తకం మీదనే జరుగుతుంది. ఆ తరువాత అస్గరీ ఇంట్లోనే ఆడపిల్లలకు బడి పెడుతుంది. నేటి పాఠకులకు ఇందులోని నీతిబోధ కాస్త ఎక్కువనిపించినా, ఇల్లు చక్కబెట్టుకోవడాన్ని సాహసకార్యంగా చూపడం ఈ నవలతోనే మొదలైనది.

నజీర్ అహ్మద్ 1877లో నిజాం ప్రధాని మొదటి సాలార్ జంగ్ ఆహ్వానంపై హైదరాబాదు రాజ్యానికి వచ్చి రెవెన్యూ శాఖలో ఉన్నతోద్యోగం చేశాడు. 1883లో సాలార్ జంగ్ మరణించిన తరువాత ఢిల్లీకి తిరిగి వెళ్ళిపోయాడు. అక్కడ 1891లో వెలువరించిన "అయామా"లో ఆయన మరింత కఠినమైన విషయాన్ని ఎత్తుకున్నాడు. కథానాయిక ఆజాదీ బేగం చిన్న వయసులోనే భర్తను కోల్పోతుంది. మతం పునర్వివాహాన్ని అనుమతించినా లోకం నోటికి వెరచి ఆమె ఆ పని చేయలేకపోతుంది. చివరకు మరణశయ్యపై నుండి తోటి స్త్రీల ముందు తన మనసు విప్పి చెబుతుంది. ఇందులో కొత్త జీవితం కథానాయికకు దక్కదు, వినేవారికి వదలివేయబడుతుంది. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన దశాబ్దం తరువాత వచ్చిన నవల ఇది. రెండు భాషలలోనూ ఒకే ప్రశ్న నలుగుతున్నదని తెలుగు పాఠకులు గమనించవచ్చును.

హైదరాబాదు రచయిత్రులు

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో హైదరాబాదు స్త్రీలే ఈ ప్రక్రియను చేపట్టారు. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ కుమార్తె తయ్యబా బేగం "అన్వరీ బేగం" అనే నవల వ్రాసింది. సుగ్రా హుమాయూన్ మీర్జా (1884-1958) నవలలు, యాత్రాకథనాలు వ్రాయడమే కాక "అన్-నిసా" అనే స్త్రీల పత్రికను నడిపింది. నగరంలో ఆమె స్థాపించిన సఫ్దరియా బాలికల పాఠశాల, అస్గరీ ఇంట్లో పెట్టిన బడిని జ్ఞాపకం చేస్తుంది. నవలలోని ఊహ ఊరిలో నిజం కావడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది.

కథా స్వరూపం

దేశ విభజన నాటికి ఈ నవల ఉపదేశాన్ని తగ్గించుకొని ప్రేమకథను చేర్చుకున్నది. ఇందులో ముఖ్యులు ఏ.ఆర్. ఖాతూన్ (1900-1965), రజియా బట్ (1924-2012). ఖాతూన్ రచనలలో "షమా", "అఫ్షాన్" ప్రసిద్ధమైనవి. పెద్ద ఉమ్మడి కుటుంబం, అందరికీ పెద్దదిక్కుగా నానీ (అమ్మమ్మ) లేదా దాదీ (నాయనమ్మ), తల్లిలేని ఒక పిల్ల, ఆమె మీద పడిన నింద, ఆ నింద తొలగడం ఈ తరహా కథలకు ఆధారాలు. పెళ్ళి బట్టలు, వంటలు, పండుగ ఏర్పాట్లు పేజీల కొద్దీ సాగుతాయి. తొందరపడే పాఠకులు వీటిని దాటవేయవచ్చును గాని, అసలు పాఠకురాలు చదివేది వాటి కోసమే.

కథానాయకుడు చాలా తరచుగా బంధువర్గంలోని వాడే, అనగా పినతండ్రి కొడుకో మేనత్త కొడుకో అయి ఉంటాడు. పరదా పాటించే ఇంట్లో పరాయి పురుషుడు ఎదురుపడే అవకాశం లేదు కాబట్టి రచయిత్రులకు ఇది తప్పనిసరి. మేనరికాలు తెలిసిన తెలుగువారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ"లోని జయంతి మాత్రం ఉద్యోగానికి బయలుదేరి ఆఫీసులో నాయకుణ్ణి కలుసుకుంటుంది. ఆత్మాభిమానం ఇద్దరు నాయికలకూ సమానమే. ఒకరు దానిని ఆఫీసులో నిలబెట్టుకుంటే, మరొకరు వంటింటికీ ముంగిలికీ నడుమ నిలబెట్టుకుంటారు.

భాష విషయం కూడా చెప్పుకోదగినది. పాతబస్తీలో ఇళ్ళలో వినిపించేది 'నక్కో', 'హౌ' అనే దక్కనీ. నవలలలోనిది ఢిల్లీ బేగముల పలుకుబడి. నాయిక మాట్లాడే తీరు చదువరి మాట్లాడే తీరు కాదు. అయినప్పటికీ, బహుశా అందువల్లనే, అందులో ఒక మర్యాద, ఒక దూరపు అందం కనిపించి ఉంటాయి.

పుస్తకం, పత్రిక

ఈ కథలు పుస్తకాలుగా కంటే ముందు పత్రికలలో ధారావాహికలుగా వచ్చేవి. లాహోరు నుండి 1898లో మొదలైన "తెహ్‌జీబె నిస్వాన్", ఢిల్లీ నుండి 1908లో మొదలైన "ఇస్మత్" తొలి తరానివి. తరువాతి కాలంలో ఢిల్లీలోని షమా సంస్థ వారి "బానో" వంటి స్త్రీల మాసపత్రికలు వచ్చాయి. కంప్యూటరు రాకముందు ఉర్దూ పుస్తకంలోని ప్రతి పేజీనీ కాతిబ్ అనే లేఖకుడు నస్తలీఖ్ లిపిలో చేతితో వ్రాస్తే, దానిని లితో పద్ధతిలో అచ్చువేసేవారు. పాతబస్తీలోని ఛత్తాబజారు ఇటువంటి లేఖకులకూ ముద్రణాలయాలకూ పేరుపొందినది. 1990లలో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ రావడంతో కాతిబ్‌ల పని సన్నగిల్లింది. ఛత్తాబజారు పేరు నేడు ముఖ్యంగా పెళ్ళి శుభలేఖల ముద్రణతో ముడిపడి ఉన్నది.

ఎదురు గొంతులు

ఇల్లే అన్నిటినీ నయం చేస్తుందన్న నమ్మకాన్ని హైదరాబాదు రచయిత్రులే గట్టిగా ప్రశ్నించారు. జీలానీ బానో "ఐవానె గజల్" (1976) ఒక జాగీర్దారీ కుటుంబం పతనాన్ని, దాని గోడల వెనుక స్త్రీలు అనుభవించిన హింసను చిత్రించింది. వాజిదా తబస్సుమ్ (1935-2011) నవాబుల దేవిడీలలోని దాష్టీకాన్ని దక్కనీ సంభాషణలతో కథలుగా వ్రాసి నిరసనలను ఎదుర్కొన్నది. ఆమె "ఉత్రన్" కథలో యజమానురాలి కూతురు విడిచిన బట్టలు కట్టుకుంటూ పెరిగిన దాసి కూతురు అందుకు కసి తీర్చుకుంటుంది. మిరాతుల్ ఉరూస్‌లో పనిమనిషిది దొంగతనం, ఇక్కడ ఆమె కూతురిది న్యాయమైన కోపం. కుటుంబ నవలను ప్రేమించే పాఠకులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం మంచిది. ఎవరి ఊరట ఎవరి చాకిరీ మీద నిలిచి ఉన్నదో అప్పుడు తెలుస్తుంది.

తెర మీదికి

కరాచీ పత్రికలలోని కథలు టెలివిజన్ ధారావాహికలుగా మారి ఈ ప్రక్రియకు కొత్త వీక్షకులను తెచ్చాయి. భారతదేశంలో 2014 జూన్‌లో ప్రారంభమైన జిందగీ చానల్ వీటిని ఇంటింటికీ చేర్చినది. ఉమేరా అహ్మద్ నవల ఆధారంగా వచ్చిన "జిందగీ గుల్జార్ హై"లో, కొడుకు పుట్టలేదని తండ్రి మరొక పెళ్ళి చేసుకోగా ముగ్గురు కూతుళ్ళను పెంచిన ఉపాధ్యాయిని, ఆమె పెద్ద కూతురు కషఫ్ ముఖ్యపాత్రలు. ఫర్హత్ ఇష్తియాక్ "హమ్‌సఫర్"లో అత్తగారి కుట్రతో ఇంటి నుండి వెళ్ళగొట్టబడిన ఖిరద్, జబ్బుపడిన బిడ్డ వైద్యం కోసం భర్త వద్దకు తిరిగి వస్తుంది. నూట యాభై ఏళ్ళనాటి అస్గరీ ఇంట్లో ఉండి పోరాడితే, ఖిరద్ బయటికి వెళ్ళి, తన షరతులతో లోపలికి వస్తుంది. 2016 సెప్టెంబరులో ఆ చానల్ పాకిస్తానీ కార్యక్రమాల ప్రసారాన్ని నిలిపివేసింది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివి, ఉర్దూ మాట్లాడగలిగినా ఆ లిపి చదవలేని యువతులకు ఈ కథలు వినికిడి ద్వారా, రోమన్ లిపి ద్వారా చేరుతున్నాయి.